నేలమాళిగలో నీరు: ముందు దాని ఊరు కనుక్కోండి

పాత కట్టడం కింది గది చెమ్మగిల్లితే మన ఊళ్లలో జరిగేది దాదాపు ఒకటే తంతు. హార్డ్‌వేర్ దుకాణం నుంచి ఒక డబ్బా వస్తుంది. మేస్త్రి గోడ మీది పాత సున్నపు పూత చెక్కేసి, సిమెంటులో ఆ మందు కలిపి దిట్టంగా మెత్తుతాడు. ఒకటి రెండేళ్లు గోడ నున్నగా, పొడిగా ఉంటుంది. ఆ తర్వాత ఏదో ఒక అక్టోబరులో తుఫాను వాన వెలిశాక చూస్తే, ఇదివరకు మోకాలి దగ్గర ఆగిన చెమ్మ చార నడుము దాటి ఉంటుంది. ఇంటివారు మేస్త్రిని తిడతారు, మేస్త్రి డబ్బాను తిడతాడు. నిజానికి డబ్బా తప్పేమీ లేదు. అది ఏ నీటికోసం తయారైందో ఆ నీరు ఈ గోడలో లేదు, అంతే.

నేల మట్టానికి కింద ఉన్న పాత గదిలోకి నీరు నాలుగు దారుల్లో వస్తుంది. నాలుగూ గోడ మీద ఇంచుమించు ఒకేలా కనిపిస్తాయి: నల్లబడిన చార, ఉబ్బిన పూత, ముక్కిన వాసన. కానీ ఒకదానికి చేసే వైద్యం ఇంకొకదానికి విషమవుతుంది. వాటర్‌ప్రూఫింగ్ గురించి ఇంత గందరగోళం ఉండడానికి కారణం మందులు ఎక్కువై కాదు, రోగం పేరు అడగకుండానే మందు కొనడం వల్ల.

మన దగ్గర నేలమాళిగలు ఎక్కడున్నాయి?

కోట అనగానే సొరంగం, సొరంగం అనగానే నిధి. ఏ కోట చుట్టూ తిరిగినా ఈ కథలు వినిపిస్తాయి. వాటిని పక్కన పెట్టినా, విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లాంటి పాత జమీందారీ సీమలో భూమిలోకి దిగిన కట్టడాలకు కొదవ ఉండదు. సామాను దాచుకోవడానికి సగం నేలలోకి దించి కట్టిన గదులు, ధాన్యపు పాతరలు, దిగుడుబావులు, కోట గోడల పునాదులు అన్నీ పక్కనున్న మట్టి బరువును, ఆ మట్టిలోని నీటి ఒత్తిడిని మోస్తూ నిలబడినవే.

ఆలయ పుష్కరిణుల మెట్ల గోడలదీ అదే పరిస్థితి. అరసవల్లిలోని ఇంద్ర పుష్కరిణి, శ్రీకూర్మంలోని శ్వేత పుష్కరిణి వంటి వాటిలో నీరు ఉండడమే ప్రయోజనం కాబట్టి లెక్క తిరగబడుతుంది. లోపలి నీరు గోడను బయటికి నెడుతుంది, వెనక మట్టిలోని నీరు లోపలికి నెడుతుంది. రెండూ సరితూగినంత కాలం గోడకు బెంగ లేదు. పూడిక తీయాలని ఏ కోనేటినైనా పెద్ద పంపులతో ఒక్క రోజులో తోడేస్తే లోపలి ఆసరా పోతుంది, వెనక నీరు మాత్రం అంత వేగంగా దిగదు. రాళ్లు లోపలికి ఉబ్బి జారేది అప్పుడే. తోడే పని మెల్లగా, రోజుకు కొంత చొప్పున సాగాలి. రాళ్ల మధ్య సందులను సిమెంటుతో పూడ్చి వెనక నీటికి దారి లేకుండా చేయడం ఇంకో తప్పు. చూడడానికి లోపంలా కనిపించే ఆ సందులే గోడకు రక్ష.

ఇక మూడో రకం నేలమాళిగ ఉంది. దాన్ని ఏ రాజూ కట్టలేదు, రోడ్లు వేసినవాళ్లు కట్టారు. పాత పేటల్లో ఒకప్పుడు మూడు మెట్లెక్కి అరుగు మీదికి, అక్కడి నుంచి ఇంట్లోకి వెళ్లేవాళ్లం. ఇప్పుడు అలాంటి ఇళ్లలో కొన్నింటికి వీధిలోంచి రెండు మెట్లు దిగి వెళ్తున్నాం. పాత పొరను తవ్వకుండా దాని మీదే కొత్త కాంక్రీటు వేయడం ఆనవాయితీ అయిపోయింది. ఒక్కో పొర పది, పదిహేను సెంటీమీటర్లు అనుకున్నా నాలుగు పొరలకు సుమారు అర మీటరు అవుతుంది. ఆ మేరకు గోడ భూమిలోకి పోయినట్టే. పైగా ఆ భాగాన్ని కట్టినవాడు అది ఎప్పుడో మట్టిలో ఉంటుందని ఊహించలేదు. చూరు నీటి తుంపరలకు తట్టుకునేలా మాత్రమే పూత పూశాడు. నా ఉద్దేశంలో మన ఊళ్లలో పాత ఇళ్లను చెరుపుతున్న నీళ్లలో పెద్ద వాటా దీనిదే. దీనికి ఇంటి లోపల చేసే ఏ పూతా పూర్తి పరిష్కారం కాదు.

నాలుగు దారులు

మొదటిది వాన నీరు. ఇది పైనుంచి, పక్కనుంచి వస్తుంది, వాన వెలిసిన గంటల్లోనే కనిపిస్తుంది. వంద చదరపు మీటర్ల డాబా మీద ఒక రోజులో పది సెంటీమీటర్ల వాన పడితే పది వేల లీటర్లు దిగుతాయి. వాతావరణ శాఖ లెక్కలో రోజుకు 204.5 మిల్లీమీటర్లు, అంతకు మించి పడితే అది అత్యంత భారీ వర్షం. అప్పుడు ఇరవై వేల లీటర్లు. ఇదంతా గోడ మొదట్లోనే పడి అక్కడే ఇంకుతుంటే లోపలి గది తడవక ఏం చేస్తుంది? 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, 2021లో కళింగపట్నం దగ్గర తీరం దాటిన గులాబ్ చూసిన ప్రాంతం ఇది. సగటు వానకు కాకుండా ఇలాంటి రోజులకే లెక్క కట్టుకోవాలి.

రెండోది ఊట. వాన వెలిశాక కొన్ని రోజులకు, ఒక్కోసారి వారాలకు మొదలై నెలల తరబడి ఆగదు. చెరువులు నిండాక, నాగావళి, వంశధార పొంగాక భూగర్భ జలమట్టం లేస్తుంది. విజయనగరంలో పెద్దచెరువు లాంటి పాత చెరువుల పరిసరాల్లో కింది గదులున్నవారు ముందుగా అనుమానించాల్సింది దీన్నే. ఊటకు ఒత్తిడి ఉంటుంది. ఒక మీటరు ఎత్తు నీరు చదరపు మీటరు మీద సుమారు ఒక టన్ను బలంతో నెడుతుంది. ఈ అంకె గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

మూడోది గోడ తానే పీల్చుకునే చెమ్మ. దీపపు ఒత్తి నూనెను పైకి లాగినట్టే ఇటుక, సున్నం తమ సన్నటి రంధ్రాల గుండా కింది తేమను పైకి లాగుతాయి. రంధ్రం ఎంత సన్నగా ఉంటే నీరు అంత పైకి పోతుంది. మిల్లీమీటరులో నూరోవంతు వ్యాసార్ధం ఉన్న రంధ్రంలో నీరు సుమారు మీటరున్నర వరకు ఎక్కగలదు. అయితే ఎక్కుతున్న దారిలోనే గోడ ముఖం నుంచి కొంత ఆవిరైపోతుంటుంది కాబట్టి మామూలుగా మీటరు అటూ ఇటూ దగ్గర ఆగుతుంది. ఈ ఆవిరయ్యే పనిని అడ్డుకుంటే ఏమవుతుందో ఊహించవచ్చు. పైన చెప్పిన సిమెంటు మెత్తిన గోడ కథ అదే. నీరు తగ్గలేదు, బయటికి పోయే దారి మూసుకుపోయి ఇంకా పైకెక్కింది.

నాలుగోది గాలి తెచ్చే నీరు. దీన్ని ఎవరూ అనుమానించరు కాబట్టి దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి.

మే నెలలో తలుపులు తెరవడం

నేలమాళిగలో చెమ్మ వాసన వస్తుంటే ఎండాకాలంలో తలుపులన్నీ బార్లా తీసి "గాలి తగలనిద్దాం" అంటారు. వినడానికి సబబుగానే ఉంటుంది. సముద్రం పక్కనున్న జిల్లాల్లో ఇది చాలాసార్లు బెడిసికొడుతుంది.

కొన్ని మీటర్ల లోతున మట్టి ఉష్ణోగ్రత ఏడాది పొడవునా పెద్దగా మారదు, ఆ ఊరి సాలుసరి సగటు దగ్గరే ఉంటుంది. మన తీరంలో అది సుమారు 27, 28 డిగ్రీలు. కింది గది గోడలు కూడా అంతే చల్లగా ఉంటాయి. బయట గాలి 33 డిగ్రీల వేడితో, 80 శాతం తేమతో ఉందనుకోండి. జూన్ నెలలో ఇక్కడ ఇది వింతేమీ కాదు. ఆ గాలిలోని ఆవిరి 29 డిగ్రీల దగ్గరే నీటి బొట్లుగా మారుతుంది. 27 డిగ్రీల గోడను తాకగానే అది చెమరుస్తుంది. అంటే మనం గదిని ఆరబెడుతున్నామనుకుంటూ గాలితోపాటు నీళ్లు మోసుకొచ్చి గోడకు రాస్తున్నామన్నమాట. అదే తలుపులను డిసెంబరు, జనవరిలో పొడి గాలి వీచే పగటివేళ తెరిస్తే నిజంగానే గది ఆరుతుంది. గాలి ఆడాలన్నది నిజమే. ఎప్పుడన్నదే అసలు ప్రశ్న.

ఈ నాలుగో నీటిని పట్టుకోవడానికి రూపాయి ఖర్చు లేని పరీక్ష ఒకటి ఉంది. అడుగు చదరమున్న పాలిథిన్ ముక్కనో వంటింటి అల్యూమినియం రేకునో తీసుకుని, గోడ మీద తుడిచి ఆరిన చోట నాలుగు అంచులా టేపుతో గాలి చొరకుండా అతికించాలి. ఒకటి రెండు రోజులు వదిలేయాలి. గది వైపు బొట్లు పడితే ఆ నీరు గాలిది. విప్పి చూస్తే గోడ వైపు తడిగా ఉంటే నీరు గోడలోంచి వస్తున్నది. రెండు వైపులా తడి ఉంటే రెండు రోగాలూ ఉన్నట్టే, పాత కట్టడాల్లో ఇదీ మామూలే. పరీక్షను ఒక్కసారి చేసి ఊరుకోకూడదు. మే నెలలో ఒకసారి, సిరిమానోత్సవం జరిగే రోజుల్లో, అంటే దసరా తర్వాత చెరువులు నిండి ఉన్నప్పుడు ఇంకోసారి, సంక్రాంతి దాటాక మరోసారి చేస్తే ఏ నీరు ఏ కాలంలో వస్తోందో తెలిసిపోతుంది.

పైన నాలుగు దారులన్నాను గానీ ప్రకృతికి సంబంధం లేని ఐదోది కూడా ఉంది: పగిలిన కుళాయి గొట్టం, కారుతున్న సెప్టిక్ ట్యాంకు. వానలతో పని లేకుండా ఏడాదంతా ఒకేలా తడి ఉంటే ముందు దీన్నే చూడాలి. మంచినీటి పథకం సిబ్బంది దగ్గర క్లోరిన్ చూసే చుక్కల మందు ఉంటుంది. కారే నీటిని పట్టి అందులో వేస్తే, పసుపు రంగు తేలితే అది కుళాయి నీరే. రంగు రాకపోతే మాత్రం కాదని తేల్చేయకూడదు, ఎందుకంటే మట్టిలోంచి వచ్చేసరికి క్లోరిన్ హరించుకుపోవచ్చు. మరుగుదొడ్డి కాలువలో కాస్త రంగు కలిపి రెండు రోజులు కనిపెట్టుకుని ఉండడం అంతకంటే మొరటు పద్ధతే అయినా బాగా పనిచేస్తుంది. గోడకు ఆనించి అంకెలు చూపించే చెమ్మ మీటర్లను మాత్రం గుడ్డిగా నమ్మొద్దు. అవి విద్యుత్తు ప్రసరణను కొలుస్తాయి, గోడలో ఉప్పుంటే తేమ లేకున్నా తేమ ఉన్నట్టే చూపిస్తాయి.

ఉప్పు

నీటికంటే ఎక్కువగా గోడను తినేది ఉప్పు. పాత ఇటుక గోడ దగ్గర గొంతుక్కూర్చుని చూడండి. చెమ్మ చార పైఅంచున తెల్లటి నూగు పట్టి ఉంటుంది. వేలితో తాకితే రాలిపోతుంది, దాని వెనక ఇటుక ముఖం కూడా ఎర్రటి పొడై రాలుతుంది. సిమెంటుతో దర్జులు (ఇటుకల మధ్య సందులు) పూడ్చిన గోడల్లో ఇంకా విచిత్రంగా ఉంటుంది. ఇటుకలు లోపలికి అరిగిపోయి, వాటి చుట్టూ సిమెంటు గీతలు మాత్రం గళ్లు గళ్లుగా ముందుకు పొడుచుకుని నిలబడి ఉంటాయి. బలమైన దర్జు నీటినీ ఉప్పునూ తనలోంచి పోనివ్వక మెత్తటి ఇటుకలోకి తోసేసింది. పాత సున్నపు దర్జు ఉన్న చోట దీనికి సరిగ్గా వ్యతిరేకంగా జరుగుతుంది: దర్జు రాలుతుంది, ఇటుక మిగులుతుంది. దర్జును మళ్లీ నింపుకోవచ్చు. రెండు వందల ఏళ్ల ఇటుకను ఎక్కడినుంచి తెస్తాం?

నీటిలో కరిగి వచ్చిన లవణాలు నీరు ఆవిరైన చోట గడ్డకడతాయి. రంధ్రాల లోపల ఆ స్ఫటికాలు పెరిగే ఒత్తిడికి ఇటుకయినా రాయయినా చిట్లుతుంది. మన తీరంలో సముద్రపు గాలి తెచ్చే మామూలు ఉప్పు ఉండనే ఉంది. గుర్రపుశాలలు, పశువుల కొట్టాలు, మరుగుదొడ్లు ఉన్న చోట్ల మట్టిలో నైట్రేట్లు కూడా ఉంటాయి. మామూలు ఉప్పుకు ఒక గుణం ఉంది. గాలిలో తేమ 75 శాతం దాటితే అది గాలిలోని నీటినే పీల్చుకుని కరుగుతుంది, తగ్గితే మళ్లీ గడ్డకడుతుంది. ఇంట్లో ఉప్పు డబ్బా వానాకాలంలో చెమ్మగిల్లడం అందరం చూసిందే. ఉప్పు పట్టిన గోడ కూడా కింద చుక్క నీరు లేకపోయినా ముసురు రోజుల్లో తడిసి కనిపిస్తుంది. అలాంటి గోడకు కింద రంధ్రాలు చేసి చెమ్మను ఆపే రసాయనాలు ఎక్కించడం దండగ ఖర్చు. పైగా రెండు ముఖాల మధ్య రాళ్లు, మట్టి, సున్నం కుమ్మరించి కట్టిన మందపాటి గోడల్లో ఆ రసాయనం ఎటు పోతుందో ఎవరికీ తెలియదు.

ఉప్పును తీయడానికి పురావస్తు శాఖ రసాయన విభాగం వాడే పద్ధతి కాగితపు గుజ్జు పట్టీ. శుభ్రమైన నీటిలో నానబెట్టిన గుజ్జును గోడకు మెత్తి ఆరనిస్తారు. ఆరేటప్పుడు లోపలి లవణాలు గుజ్జులోకి వస్తాయి. దాన్ని తీసేసి మళ్లీ వేస్తారు. విసుగు పుట్టించే పని. ఇంకో దారి, గోడ కంటే మెత్తటి సున్నపు పూత పూసి ఉప్పుకు దాన్ని ఎరగా వేయడం. పూత కొన్నేళ్లకు పాడవుతుంది, గీకి మళ్లీ పూస్తాం. పూత పాడైందని మేస్త్రిని నిందించకూడదు, అది పాడవడానికే ఉంది. నీటి మూలాన్ని ఆపకుండా ఈ రెండింటిలో ఏది చేసినా మాత్రం ఉప్పుకు అంతు ఉండదు.

ఎందుకీ సున్నం గొడవ

విజయనగరం కోటకు పునాది పడింది 1713లో అంటారు. పోర్ట్‌లాండ్ సిమెంటుకు ఇంగ్లండులో పేటెంటు పుట్టింది 1824లో. మన దేశంలో పోర్‌బందర్ కర్మాగారంతో సిమెంటు తయారీ నిలదొక్కుకున్నది 1914లో. కాబట్టి ఈ ప్రాంతంలో అంతకు ముందు కట్టినవాటిలో దాదాపు అన్నింటినీ పట్టి ఉంచింది సున్నమో మట్టో. రాయిని గానీ ఆల్చిప్పలను గానీ కాల్చి, నీళ్లు పోసి విరిచి, గానుగలో ఇసుకతో కలిపి రుబ్బిన సున్నం. నీరు తగిలే చోట ఇందులో ఇటుక పొడి (సుర్కీ) కలిపేవారు. మితమైన వేడిలో కాలిన బంకమట్టి పొడి సున్నంతో కలిసి నీటిలో కూడా గట్టిపడే బంధాన్నిస్తుంది. బెల్లం నీళ్లు, కరక్కాయ నానబెట్టిన నీళ్లు కలపడం మన పెద్దల అలవాటు. వీటిని మహత్తుగా చెప్పేవారున్నారు గానీ సుర్కీ చేసే పని ముందు అవి సహాయకాలే. సున్నం సరిగా విరగకపోతే ఏ కషాయమూ కాపాడదు.

ఈ గోడ ఎప్పుడూ పూర్తిగా పొడిగా ఉండాలని కట్టింది కాదు. కొంత తడవడం, ఆరడం దాని నిత్యజీవితం. కొత్త కాంక్రీటు నేలమాళిగ సంగతి వేరు. అది నీటిని బయటే ఆపాలని మొదటినుంచీ తలపెట్టిన కట్టడం. రెండింటికీ ఒకే మందు రాయడం వల్లే చిక్కంతా. సిమెంటులో స్ఫటికాలు పెంచి రంధ్రాలు మూసే పూతలను ఇప్పుడు విరివిగా అమ్ముతున్నారు. మంచి కాంక్రీటులో అవి బాగానే పనిచేస్తాయి, ఎందుకంటే వాటికి కావలసిన రసాయనం సిమెంటులోనే దొరుకుతుంది. ఇటుక, సున్నం గోడలో వాటి పని జరగదు.

అడ్డుకట్ట, పడవ, కాలువ

భూమిలోని కట్టడాలను నీటినుంచి కాపాడే పద్ధతులను బ్రిటన్ ప్రమాణం బీఎస్ 8102 మూడుగా విడదీసింది. గోడకు పొరను అతికించి ఆపడం ఒకటి. గోడ, నేల కాంక్రీటే నీరు చొరనివ్వకుండా కట్టడం రెండు. వచ్చిన నీటిని రానిచ్చి, గోడకూ గదికీ మధ్య ఖాళీలోంచి కాలువలోకి దింపి బయటికి తోడేయడం మూడు. రెండోది కొత్త కట్టడాలకే, మనకు ఎంచుకునే వీలు లేదు.

మొదటిదాన్ని బయటినుంచి చేయగలిగితే మేలు, ఎందుకంటే నీటి ఒత్తిడే ఆ పొరను గోడకు అదిమి పెడుతుంది. లోపలినుంచి చేస్తే అదే ఒత్తిడి దాన్ని ఊడబెరుకుతుంది. మొహెంజొదారో మహా స్నానవాటికలో ఇటుక గోడల వెనక తారు పొర వేశారు. ఆలోచన అంత పాతది. ఇబ్బంది ఏమిటంటే, బయటినుంచి చేయాలంటే గోడ పక్కన తవ్వాలి. పాత కట్టడాల్లో పునాది ఎంత లోతు ఉందో చాలాసార్లు తవ్వేదాకా తెలియదు. పునాది అడుగు కంటే కిందికి కందకం తవ్వితే గోడకు ఆధారం పోయినట్టే. తప్పనిసరైతే మీటరు, మీటరున్నర ముక్కలుగా, ఒకటి విడిచి ఒకటి తవ్వి, పూడ్చి, తర్వాతే మిగతావి ముట్టుకోవాలి. గోడ పొడవునా ఒక్క రోజులో జేసీబీ పెట్టి తవ్వించే గుత్తేదారు దొరికితే అతన్ని మర్యాదగా పంపించేయండి.

నేలను గురించి మనవాళ్లు చేసే తప్పు ఇంకా పెద్దది. కింది గది గచ్చులోంచి నీరు ఊరుతోందని పైన పదిహేను సెంటీమీటర్ల కాంక్రీటు పోసి, మూలల్లో మందు పూసి బిగించేస్తారు. ఇందాకటి అంకె, మీటరు నీటికి చదరపు మీటరుకు టన్ను, ఇప్పుడు కావాలి. గది అయిదు మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు, బయటి జలమట్టం గచ్చు కంటే ఒక మీటరు పైన. ఇరవై చదరపు మీటర్ల మీద ఇరవై టన్నులు కిందినుంచి పైకి నెడుతుంది. పోసిన కాంక్రీటు బరువు ఏడు టన్నుల పైచిలుకు. గోడల్లోకి కడ్డీలతో కట్టి ఉంచకపోతే అది నీటి మీద పడవలా లేవడానికే చూస్తుంది. లేవలేక పగులుతుంది. పగలకపోతే ఆ నీరు గోడల అడుగుకు మళ్లుతుంది. అంతకు ముందు గచ్చు సందుల్లోంచి నిదానంగా ఊరిన నీరు ఎవరికీ కీడు చేయలేదు.

అందుకే చారిత్రక కట్టడాల్లో మూడో పద్ధతికే మొగ్గు చూపుతారు, నా ఓటూ దానికే. గోడకు కాస్త ఎడంగా బుడిపెలున్న ప్లాస్టిక్ పలకను నిలబెడతారు. దాని వెనక దిగిన నీరు గచ్చు అంచున చేసిన సన్నటి కాలువలోకి, అక్కడినుంచి మూల గుంటలోకి చేరుతుంది. గుంటలో పంపు ఉంటుంది. పాత గోడ మీద నీటి ఒత్తిడి పెరగదు. రేపు ఇంతకంటే మంచి పద్ధతి వస్తే పలకను ఊడదీయవచ్చు, గోడకు మిగిలేది కొన్ని మేకు రంధ్రాలే. ఆ రంధ్రాలను కూడా దర్జుల్లోనే చేయాలి, ఇటుకలో కాదు. దీని బలహీనత కరెంటు. తుఫాను రాత్రి నీరు ఎక్కువగా వచ్చేదీ, కరెంటు పోయేదీ ఒకేసారి. ఇన్వర్టరు మీద నడిచే రెండో పంపు, గుంట నిండితే మోగే గంట లేకుండా ఈ పని చేయించడం కంటే మానేయడం నయం. కాలువల్లో పూడిక తీసేందుకు మూతలు కూడా ముందే పెట్టించుకోవాలి. ఏడాదికోసారైనా తీయాలి.

పంపు ఉంది కదా అని చుట్టుపక్కల జలమట్టాన్నే దించేయాలనుకోవడం ప్రమాదం. బయటికి పోయే నీటితో సన్నటి మట్టి రేణువులు కొట్టుకుపోతే పునాది కింద బోలు పడుతుంది. బంకమట్టి ఎండితే కుంచించుకుపోతుంది. తోడిన నీటిని ఒక గాజు సీసాలో పట్టి రాత్రంతా కదపకుండా ఉంచండి. అడుగున మట్టి పేరుకుంటే పంపుతో పాటు ఇల్లు కూడా కొద్దికొద్దిగా బయటికి పోతోందని అర్థం. జల్లెడ వస్త్రం, కంకర వడపోత లేని గుంటలో ఇలాగే జరుగుతుంది.

ముందు చేయాల్సిన చవక పనులు

ఇంతదాకా చెప్పినవాటిలో ఖరీదైనవి చాలా ఉన్నాయి. వాటి జోలికి పోకముందే, డాబా నీరు దిగే గొట్టాలు ఎక్కడ కక్కుతున్నాయో ఒక వాన పూట గొడుగేసుకుని బయట నిలబడి చూడాలి. గోడ మొదట్లో పడుతుంటే వాటిని దూరంగా మళ్లించాలి. గోడనుంచి బయటికి నేల వాలు మీటరుకు రెండు సెంటీమీటర్లయినా ఉండాలి. గోడ చుట్టూ సిమెంటు గచ్చు బిగించడం చాలామందికి ఇష్టం. దాని కింద మట్టిలో తేమ బయటికి పోయే చోటు లేక గోడనే ఎంచుకుంటుంది. అక్కడ అర మీటరు వెడల్పున కంకర నింపడం నయం. గోడకు ఆనించిన పూల మడి, మట్టి కుప్ప తీసేయాలి. వీధి కాలువ మీ గచ్చు కంటే ఎత్తున పారుతుంటే, అది మీ ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. పాత రోడ్డు పొర తీసి కొత్తది వేయమని వీధి మొత్తం కలిసి మునిసిపాలిటీని అడగాలి.

లోపల గోడకున్న సిమెంటు పూతను చెక్కేటప్పుడు ఇటుక ముఖం ఊడివస్తుంటే ఆపేయండి. కొన్నిచోట్ల దాన్ని ఉంచడమే తక్కువ నష్టం. పూత తీసిన గోడను ఆరనివ్వాలి. అంగుళం మందానికి ఒక నెల అని పాత కట్టడాల పనివాళ్లలో ఒక మోటు లెక్క ఉంది. రెండడుగుల గోడ రెండు వైపులా ఆరినా ఏడాది పడుతుంది. మన తేమ గాలిలో ఇంకాస్త ఎక్కువే పట్టవచ్చు. ఈ ఏడాది ఎవరికీ ఓపిక ఉండదు. గృహప్రవేశం ముహూర్తం ముంచుకొస్తుంటుంది, పచ్చి గోడ మీదే ప్లాస్టిక్ రంగు పడుతుంది. రంగు వేయక తప్పకపోతే సున్నం వెల్ల వేయండి. కొత్త పూతకు ఉప్పు నీటి ఇసుక, నదీముఖాల ఇసుక వాడకండి. ఉప్పును తీయడానికి పడిన శ్రమంతా అది వృథా చేస్తుంది.

అసలు ఆ గదిని దేనికి వాడాలనుకుంటున్నారన్నది కూడా ముందే తేల్చుకోవాలి. బీఎస్ 8102 కూడా వాడకాన్ని బట్టే ఎంత పొడిగా ఉండాలో తరగతులు పెట్టింది. బండ్లు పెట్టుకునే చోట కాస్త చెమ్మ ఉంటే కొంపలు మునగవు. కాగితాలు, పట్టుచీరలు, తాళపత్రాలు దాచే గదికి అది చాలదు. పాత బంగ్లా కింది గదిని పుస్తకాల గదిగా మార్చాలని ఎవరైనా అడిగితే నేను వద్దనే అంటాను. తేమ 70 శాతం దాటి ఎక్కువ రోజులుంటే బూజు వస్తుంది, చెదలూ వస్తాయి. యంత్రం పెట్టి గాలిలో తేమను బాగా దించి, కరెంటు పోయినప్పుడు మళ్లీ పెరగనిస్తే గోడలోని ఉప్పు గడ్డకట్టడం, కరగడం రోజూ జరిగి గోడ పోతుంది. పుస్తకాలు మేడమీద బాగుంటాయి.

కట్టడం కేంద్ర రక్షిత జాబితాలో ఉన్నదైతే, లేదా మీ ఇల్లు అలాంటిదాని పక్కన ఉన్నా, 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టం, దానికి 2010లో వచ్చిన సవరణ వర్తిస్తాయి. రక్షిత హద్దు నుంచి వంద మీటర్ల వరకు నిషిద్ధ ప్రాంతం, ఆ పైన రెండు వందల మీటర్లు నియంత్రిత ప్రాంతం. శాలిహుండం బౌద్ధ శిథిలాల లాంటి చోట్ల ఒక గునపం దించాలన్నా అనుమతి కావాలి. రాష్ట్ర జాబితాలోని కట్టడాలకు 1960 నాటి రాష్ట్ర చట్టం ఉంది. ఏ జాబితాలోనూ లేని పాత ఇళ్లకు ఈ అడ్డు లేదు. అందుకే ఎక్కువగా పాడవుతున్నవీ అవే.

గుత్తేదారుతో రాసుకునే కాగితంలో రెండు విషయాలు పెట్టండి. మొదటిది, ఏ నీటిని ఆపడానికి ఈ పని చేస్తున్నాడో ఒక వాక్యంలో రాయాలి. రాయలేకపోతే అతనికీ తెలియదన్నమాట. రెండోది, బిల్లులో ఆఖరి భాగం పని ముగిసిన రోజున కాకుండా, ఒక తుఫాను కాలం గడిచి, రేకు పరీక్ష మళ్లీ చేశాక ఇవ్వాలి. ఫిబ్రవరిలో ఏ పూత పూసినా గోడ పొడిగానే కనిపిస్తుంది.